ఎన్ఎఫ్ఎల్ లైన్‌బ్యాకర్ కెరీర్ నిజంగా ఎన్నేళ్ళు ఉంటుంది? కీక్లీ 28 ఏళ్ళకే ఎందుకు మానేశాడు?

టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ అబ్బాయికి పదిహేనేళ్ళు, హైస్కూల్ జట్టులో లైన్‌బ్యాకర్. ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్‌లో, ఆడతానంటున్నాడు, గదిలో లూక్ కీక్లీ పోస్టర్ పెట్టుకున్నాడు. "ఆ ఉద్యోగం ఎన్నేళ్ళు ఉంటుంది? డబ్బెంత వస్తుంది? అంత గొప్ప ఆటగాడు 28 ఏళ్ళకే ఎందుకు వదిలేశాడు? అసలు మావాణ్ణి ఆడనివ్వాలా వద్దా?" అని ఆమె అడిగారు.

నేను షార్లట్ దగ్గర అథ్లెటిక్ ట్రైనర్‌గా చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మొదట హైస్కూల్లో, తర్వాత ఒక కాలేజీలో. మ్యాచ్ జరుగుతుంటే సైడ్‌లైన్ మీద నిలబడి, ఎవరైనా కిందపడి లేవకపోతే ముందు పరిగెత్తేది మేమే. మడమలకు టేపు చుట్టడం, మోకాలి సర్జరీ అయినవాళ్ళను మళ్ళీ నడిపించడం, తలకు దెబ్బ తగిలినవాణ్ణి పరీక్షించడం మా పని. కీక్లీ ఆడిన ఊరు కాబట్టి అతని గురించి వినని వారం లేదిక్కడ.

సూటిగా జవాబు: ఎన్ఎఫ్ఎల్ దాకా వెళ్ళినవాళ్ళలో కూడా ఎక్కువమందికి ఆ ఉద్యోగం మూడు నాలుగేళ్ళకు మించి దక్కదు. ఆటగాళ్ళ సంఘం ఎప్పటినుంచో చెప్పే సగటు 3.3 ఏళ్ళు, అన్ని స్థానాలూ కలిపి. లీగ్ మాత్రం ఆరేళ్ళంటుంది. తొలి ఏడాదే జట్టులో చోటు సంపాదించినవాళ్ళను మాత్రమే లెక్కేస్తే అంత వస్తుంది. ఎవరిని లెక్కలోకి తీసుకున్నారన్నదే తేడా. కీక్లీ మానేసింది కాళ్ళు సహకరించక కాదు, తలకు తగిలిన దెబ్బల వల్ల. ఇక మీ అబ్బాయి సంగతంటారా, హైస్కూల్లో ఆడనివ్వండి. కాకపోతే కొన్ని విషయాలు ముందే చూసుకోవాలి, అవి చివర్లో రాస్తాను.

మనవాళ్ళు చాలామంది లైన్‌బ్యాకర్ అంటే వచ్చినవాణ్ణి గుద్ది పడేసేవాడు అనుకుంటారు. గుద్దడం చివరి అర సెకను పని. అంతకు ముందు జరిగేదంతా చదవడం. డిఫెన్స్‌లో ముందు వరస వాళ్ళు ఎదుటివాళ్ళతో పెనుగులాడుతుంటారు, వెనకవాళ్ళు బంతి అందుకునేవాళ్ళను కాస్తుంటారు. ఈ రెండింటికీ మధ్య నిలబడి, బంతి పరుగుగా వస్తుందా, గాల్లో వెళ్తుందా అన్నది అందరికంటే ముందు పసిగట్టాల్సింది లైన్‌బ్యాకర్. అందులోనూ మధ్యలో నిలబడేవాణ్ణి 'మైక్' అంటారు. చాలా జట్లలో అతని హెల్మెట్ వెనక ఒక ఆకుపచ్చ చుక్క ఉంటుంది, అంటే లోపల రేడియో ఉందని గుర్తు. డిఫెన్స్‌లో ఒకరికి ఇలా రేడియో ఇవ్వడం 2008లో మొదలైంది. కోచ్ గొంతు అందులో వినబడుతుంది, ఆట మొదలుపెట్టే గడువు చూపించే ప్లే క్లాక్‌లో 15 సెకన్లు మిగిలేసరికి ఆగిపోతుంది. ఆ తర్వాత పదిమందిని సర్దుకోవడం, ఎదుటి జట్టు ఏం చేయబోతోందో అరిచి చెప్పడం అన్నీ అతని నెత్తినే.

కబడ్డీలో కూతకు వచ్చినవాడి చేతులు చూస్తే మోసపోతాం, నడుము చూడాలి అని మన పీఈటీ మాస్టార్లు చెప్పేవారు కదా, ఇదీ అంతే. కుర్ర లైన్‌బ్యాకర్ బంతి వైపు చూస్తాడు. బాగా నేర్చినవాడు ఎదురుగా వంగి ఉన్న గార్డ్‌ను, అంటే ఎదుటి జట్టు ముందు వరసవాణ్ణి, చూస్తాడు. నేలకు ఆనించిన వేళ్ళ మీద బరువు వేసి కణుపులు తెల్లబడితే ముందుకు దూకబోతున్నాడని, అంటే పరుగు ఆట అని. చేతి మీద బరువు లేకుండా మడమల మీద కూర్చున్నట్టు ఉంటే పాస్ అని. పైస్థాయికి వెళ్ళేకొద్దీ దీన్ని దాచడం గార్డ్‌లూ నేర్చుకుంటారు, అప్పుడు ఇంకా చిన్న గుర్తులు వెతకాలి. ఇదంతా వీడియోలు చూసి నేర్చేదే. కీక్లీ పేరు మారుమోగింది అందుకే. బంతి కదలకముందే ఎదుటివాళ్ళ ఆట పేరు పెట్టి చెప్పేస్తున్నాడని ప్రత్యర్థి జట్ల ఆట నడిపించే క్వార్టర్‌బ్యాకులే అనేవారు.

ఇప్పుడు అతని దారి చూడండి. సిన్సినాటి కుర్రాడు, బోస్టన్ కాలేజీలో చదివాడు. 2011లో దేశంలోనే ఉత్తమ కాలేజీ లైన్‌బ్యాకర్‌కి ఇచ్చే బట్కస్ అవార్డు వచ్చింది. 2012 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకునేచోట, తొమ్మిదోవాడిగా కరోలినా పాంథర్స్ తీసుకుంది. అయితే వచ్చీ రాగానే మైక్ స్థానం దొరకలేదు, అక్కడ జాన్ బీసన్ ఉన్నాడు. అతనూ ప్రో బౌల్‌కి, అంటే ఏటా లీగ్ మేటి ఆటగాళ్ళ జాబితాకి, ఎంపికైనవాడే. సీజన్ మొదలైన నాలుగు మ్యాచ్‌లకే బీసన్ గాయపడ్డాడు, కీక్లీని మధ్యలోకి జరిపారు, ఆ ఏడాది లీగ్ మొత్తంలో ఎక్కువ ట్యాకిల్స్ (బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టడం) అతనివే. మరుసటి ఏడాది అక్టోబర్‌కల్లా బీసన్‌ను న్యూయార్క్ జయంట్స్‌కి ఇచ్చేశారు. ఎవరి తప్పూ లేదు ఇందులో. ఒకడి కెరీర్ మొదలయ్యేది తరచుగా ఇంకొకడి గాయంతోనే, ఈ ఉద్యోగం తీరే అంత. 2013లో కీక్లీ లీగ్ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు అయ్యాడు. అప్పటికి అతనికి 22 ఏళ్ళు.

డ్రాఫ్ట్‌లో ముందు వరుసలో వచ్చినవాళ్ళదే రాజ్యం అనుకోకండి. లండన్ ఫ్లెచర్‌ని 1998లో ఎవరూ ఎంపిక చేయలేదు. చదివింది ఒహాయోలో ఆటకు స్కాలర్‌షిప్పులే ఇవ్వని చిన్న కాలేజీలో. అయినా 16 సీజన్లు, వరసగా 256 మ్యాచ్‌లు, ఒక్కటి కూడా తప్పకుండా ఆడాడు. నా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఆ అంకె నమ్మబుద్ధి కాదు. ఇక్కడ షార్లట్ స్టేడియం బయట శామ్ మిల్స్ విగ్రహం ఉంది. పొట్టివాడని ఆయన్ని మొదట్లో వద్దన్నారు, కొంతకాలం హైస్కూల్లో ఫొటోగ్రఫీ పాఠాలు చెప్పుకున్నాడు, వేరే లీగ్‌లో ఆడి నిరూపించుకుని 1986లో ఎన్ఎఫ్ఎల్‌కి వచ్చాడు. 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేరింది, అప్పటికి ఆయన పోయి పదిహేడేళ్ళు. ఇలాంటి కథలు పిల్లలకి చెప్పండి, తప్పులేదు. లెక్క కూడా చెప్పండి: అమెరికా హైస్కూళ్ళలో ఈ ఆట ఆడే పిల్లలు పది లక్షల వరకు ఉంటారు, డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లూ కలిపి ఏటా ఎంపికయ్యేది సుమారు 260 మంది, అదీ అన్ని స్థానాలకూ కలిపి.

మన దేశం మూలాలున్నవాళ్ళు ఉన్నారా అని కూడా కొందరు అడుగుతుంటారు. ఉన్నాడు, బ్రాండన్ చిల్లర్. తండ్రి భారతీయుడు. లైన్‌బ్యాకరే, 2004లో సెయింట్ లూయిస్ రామ్స్ నాలుగో రౌండ్లో తీసుకుంది, తర్వాత గ్రీన్ బే పాకర్స్‌కి ఆడాడు. మధ్యస్థాయి కెరీర్. పాకర్స్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన 2010 సీజన్లో గాయంతో పక్కన కూర్చోవాల్సి వచ్చింది.

లోపలికి వెళ్ళాక రోజులెలా ఉంటాయో టీవీలో కనబడదు. వేసవి శిబిరంలో జట్టుకు 90 మంది ఉంటారు, ఆగస్టు చివర్లో 53కి తగ్గించాలి. "కోచ్ పిలుస్తున్నారు, ఐప్యాడ్ పట్టుకుని రా" అంటే అర్థం తెలిసిపోతుంది. ప్లేబుక్ అంతా అందులోనే ఉంటుంది, తిరిగి ఇచ్చేసి వెళ్ళాలి. కొందరిని ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఉంచుకుంటారు, తక్కువ జీతానికి. సీజన్లో మామూలుగా మంగళవారం సెలవు. అదే మంగళవారం జట్టు మేనేజ్‌మెంట్ బయటి ఆటగాళ్ళను పిలిపించి పరుగులు తీయించి చూస్తుంది. అంటే మీరు ఇంట్లో కాళ్ళకు ఐస్ పెట్టుకుని కూర్చున్నప్పుడు, మీ చోటికి ఎవరు పనికొస్తారా అని అక్కడ పరీక్ష జరుగుతూ ఉంటుంది. మొదటి ముగ్గురిలో లేని లైన్‌బ్యాకర్ బతికేది కిక్‌ఆఫ్‌లు, పంట్‌ల మీద, అంటే బంతిని కాలితో తన్ని అవతలి జట్టుకు పంపే ఆటల మీద. వేగంగా పరిగెత్తి ఎవరినో ఢీకొనడం. అది చేయనంటే చోటు లేదు.

ఇంకో మార్పు. ఇప్పుడు లీగ్ అంతా పాస్ ఆట అయిపోయింది, అందుకని డిఫెన్స్‌లు వెనక ఒకర్ని పెంచి లైన్‌బ్యాకర్‌ను ఒకర్ని తగ్గించాయి. ఎక్కువ సేపు మైదానంలో ఇద్దరే ఉంటున్నారు. 110 కిలోలుండి ఎదురొచ్చినదాన్నల్లా ఆపే పాతకాలం మనిషికి పని తగ్గింది, వెనక్కి పరిగెత్తి పాస్‌లు కాయగలిగినవాడికే గిరాకీ. క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాళ్ళకిచ్చే డబ్బుతో పోలిస్తే లోపలి లైన్‌బ్యాకర్లకి ఇచ్చేది తక్కువే.

డబ్బు. 2025లో కొత్తవాడికి కనీస జీతం 8,40,000 డాలర్లు. వినడానికి బాగుంటుంది. కానీ అది సీజన్లో వారాల లెక్కన వచ్చే జీతం. సగంలో తీసేస్తే చాలామందికి అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే ఈ లీగ్‌లో ఒప్పందం మీద కనిపించే అంకె వేరు, గ్యారంటీ అంకె వేరు. ఏజెంటుకు మూడు శాతం దాకా, ఆడిన రాష్ట్రాలన్నిటికీ పన్నులు. మూడు సీజన్లు లెక్కకు వస్తేనే పింఛనుకు అర్హత, ఆట మానేశాక ఐదేళ్ళు ఆరోగ్య బీమా. రెండున్నరేళ్ళ దగ్గర ఆగిపోయినవాళ్ళ బాధ చూస్తే ఆ మూడు అంకె ఎంత పెద్దదో తెలుస్తుంది. కీక్లీలాంటివాళ్ళ సంగతి వేరు. 2015లో అతనితో ఐదేళ్ళ పొడిగింపు రాసుకున్నారు, సుమారు 6 కోట్ల 20 లక్షల డాలర్లకి. మానేసినప్పుడు అందులో ఇంకా రెండేళ్ళు మిగిలి ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పాంథర్స్‌లో కీక్లీ పక్కనే ఆడిన ఇంకో లైన్‌బ్యాకర్ థామస్ డేవిస్. 2009, 2010, 2011ల్లో వరసగా మూడుసార్లు అతని కుడి మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. ఒకే మోకాలు. మూడుసార్లూ ఆపరేషన్, మూడుసార్లూ మొదటి నుంచి నడక నేర్చుకోవడం. తిరిగొచ్చి, 2016 ఫిబ్రవరిలో జరిగిన 50వ సూపర్ బౌల్ కూడా ఆడాడు, అదీ రెండు వారాల కింద విరిగిన ముంజేతికి ప్లేటు వేయించుకుని. మొత్తం 16 సీజన్లు. ఏసీఎల్ తెగిన పిల్లలతో నేను పనిచేసేటప్పుడు గోడ మీద డేవిస్ ఫొటో ఉంటుంది. తొమ్మిది నెలలు, కొన్నిసార్లు ఏడాది పడుతుంది. కానీ ఎక్కడున్నామో తెలుస్తుంది. తొడ కండ చుట్టుకొలత టేపుతో కొలవొచ్చు, ఒంటికాలి మీద ఎంత దూరం గెంతాడో గీత గీసి చూపించొచ్చు.

కీక్లీ గాయంలో కొలవడానికి అలాంటిదేమీ లేదు. 2015 సీజన్ మొదటి మ్యాచ్‌లోనే కన్‌కషన్, అంటే తల దెబ్బకు మెదడు అదిరి పనితీరు తప్పడం. మూడు మ్యాచ్‌లు పోయాయి. 2016 నవంబర్‌లో సెయింట్స్‌తో గురువారం రాత్రి మ్యాచ్‌లో మళ్ళీ. బండిలో కూర్చోబెట్టి బయటికి తీసుకెళ్తుంటే అతను వెక్కి వెక్కి ఏడవడం దేశమంతా టీవీలో చూసింది. ఏమీ తెలియనివాళ్ళు నొప్పికి ఏడుస్తున్నాడనుకున్నారు. మాకు మాత్రం అది కన్‌కషన్ లక్షణం అని అర్థమైంది. భావోద్వేగాల మీద అదుపు తప్పడం మేం కాగితం మీద టిక్కు పెట్టే వాటిలో ఒకటి. ఆ సీజన్లో మళ్ళీ ఆడలేదు. 2017 అక్టోబర్‌లో మూడోది. ఆ తర్వాత రెండేళ్ళు అద్భుతంగా ఆడి, 2020 జనవరిలో వదిలేశాడు. వీడియోలో చాలా నెమ్మదిగా మాట్లాడాడు. తాను నేర్చుకున్న పద్ధతిలో, వేగంగా, బలంగా ఆడటం ఇక కుదరదన్నది దాని సారాంశం. ఆడాలనే ఉంది, కానీ సరైన నిర్ణయం ఇదే అన్నాడు.

నేను పిల్లలకి చెప్పేది ఇదే: ఈ స్థానంలో నిన్ను నిలబెట్టేది తల, ఎక్కువ దెబ్బలు తినేదీ తలే. మోకాలు బలహీనపడితే తెలివితో ఇంకో నాలుగేళ్ళు లాగొచ్చు, డేవిస్, ఫ్లెచర్‌లాంటివాళ్ళు ముప్పై దాటాక అలాగే ఆడారు. చదివే వేగం తగ్గితే మిగిలిన ఒళ్ళంతా బాగున్నా పనికిరాదు.

సైడ్‌లైన్ మీద ఇదెలా ఉంటుందో ఒకటి చెప్తాను. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఒక లైన్‌బ్యాకర్ కుర్రాడు మామూలు ట్యాకిలే చేసి లేచాడు, కానీ తన జట్టు గుంపు వైపు కాకుండా అవతలి వైపు రెండడుగులు వేశాడు. బయటికి పిలిచాం. స్కోరెంతో చెప్పాడు, ఏ ఊళ్ళో ఉన్నామో చెప్పాడు. నెలలు వెనక నుంచి చెప్పమన్నాను. డిసెంబర్, నవంబర్, అక్టోబర్ అన్నాడు, ఆగాడు, మళ్ళీ నవంబర్ అన్నాడు. నవ్వేశాడు. వెంటనే అతని హెల్మెట్ తీసుకుని నా చంకలో పెట్టుకున్నాను. అలా చేయకపోతే మనం అటు తిరగ్గానే మైదానంలోకి పరిగెడతారు, మేమంతా చేసేది అదే. వాళ్ళ నాన్న ఫెన్స్ దాకా వచ్చి "వాడు బాగానే ఉన్నాడు కదండీ, ఎందుకంత టెన్షన్?" అన్నాడు. చూడటానికి నిజంగా బాగానే ఉన్నాడు. ఇబ్బందంతా అక్కడే ఉంది.

ఎన్ఎఫ్ఎల్‌లో ఇప్పుడు మైదానం దగ్గర జట్టుకు సంబంధం లేని న్యూరో డాక్టర్ ఉంటారు, పరీక్షకు నీలం గుడారం ఉంటుంది, తిరిగి ఆడటానికి ఐదు మెట్లు దాటాలి. మునుపటి కంటే చాలా నయం. అయితే దీర్ఘకాలంలో వచ్చే సీటీఈ అనే మెదడు జబ్బును మనిషి బతికుండగా కచ్చితంగా చెప్పే పరీక్ష ఇంకా లేదు. 2017లో బోస్టన్ యూనివర్సిటీ వాళ్ళు పరిశీలించిన 111 మంది మాజీ ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ళ మెదళ్ళలో 110లో అది ఉంది. ఆ అంకె చూసి ఆడినవాళ్ళందరికీ వస్తుందనుకోకూడదు. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా మెదడు దానం చేస్తాయి కదా. కొట్టిపారేయదగ్గ అంకె కూడా కాదు. 20 సీజన్లు ఆడిన లైన్‌బ్యాకర్ జూనియర్ సియావ్ 2012లో, 43 ఏళ్ళకి ఆత్మహత్య చేసుకున్నాడు, తర్వాత అతని మెదడులోనూ ఇదే కనబడింది. శాన్ ఫ్రాన్సిస్కో 49ఎర్స్ లైన్‌బ్యాకర్ క్రిస్ బోర్లాండ్ ఒక్క సీజన్ ఆడి, 2015లో 24 ఏళ్ళకే ఈ భయంతో మానేసి, తీసుకున్న బోనస్‌లో ఎక్కువభాగం వెనక్కి కట్టాడు. అప్పట్లో అతన్ని పిరికివాడన్నవాళ్ళున్నారు.

మీ ఊరి ఉదాహరణ కూడా ఉంది. డాలస్ కౌబాయ్స్ కార్యాలయం, ప్రాక్టీస్ మైదానం ఫ్రిస్కోలోనే కదా. లేటన్ వాండర్ ఎష్‌ని 2018లో మొదటి రౌండ్లో తీసుకున్నారు, తొలి ఏడాదే ప్రో బౌల్. అతనికి మెడలో వెన్నుపూసల మధ్య దారి పుట్టుకతోనే ఇరుకు. ఆపరేషన్ అయింది, తిరిగొచ్చాడు, మళ్ళీ మెడకే దెబ్బ. 2024 మార్చిలో ఆట మానేశాడు, 28 ఏళ్ళకే.

ఇక మీరు చూసుకోవాల్సినవి. టెక్సాస్ హైస్కూళ్ళలో సీజన్ మధ్యలో పూర్తి కాంటాక్ట్ ప్రాక్టీస్ వారానికి ఒక్కో ఆటగాడికి ఇన్ని నిమిషాలకు మించకూడదని నియమం ఉంది. మీ స్కూల్లో ఆ టైమ్ ఎవరు చూస్తున్నారో కోచ్‌ను మర్యాదగా అడగండి. వాళ్ళ ముఖం చూస్తేనే మీకు సగం సమాధానం దొరుకుతుంది. ప్రాక్టీస్‌లకి కూడా అథ్లెటిక్ ట్రైనర్ ఉంటారా, మ్యాచ్‌లకేనా? వారమంతా జరిగే ప్రాక్టీస్‌లోనూ దెబ్బలు తగులుతాయి. సీజన్ మొదలవకముందు, తల బాగున్నప్పుడే, జ్ఞాపకశక్తి, ఆలోచనా వేగం చూసే బేస్‌లైన్ పరీక్ష చేయించండి. తర్వాత దెబ్బ తగిలితే పోల్చుకోవడానికి అదే ఆధారం. కొందరు పిల్లలు తర్వాత తేడా తెలియకూడదని బేస్‌లైన్‌లో కావాలనే తక్కువ చేస్తారు, మీవాడికి ముందే చెప్పండి, అది దొరికిపోతుంది. ఎప్పుడైనా భుజం నుంచి చేతి దాకా కరెంటు కొట్టినట్టు అనిపించిందంటే తేలిగ్గా తీసుకోకండి, మెడ ఎమ్మారై తీయించండి. ట్యాకిల్ చేసేటప్పుడు తల కిందికి వంచుతున్నాడా అన్నది మీరే ఫోన్లో వీడియో తీసి చూడొచ్చు, దానికి డాక్టర్ అక్కర్లేదు.

మెడకు పెట్టుకునే క్యూ-కాలర్ కొనమని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు, కీక్లీ 2017లో పెట్టుకున్నది అదే. 2021లో ఎఫ్‌డీఏ అమ్మకానికి అనుమతిచ్చింది గానీ, అది కన్‌కషన్‌ను ఆపుతుందని రుజువు కాలేదని కూడా అప్పుడే చెప్పింది. కొనడం మీ ఇష్టం. అది ఉందన్న ధైర్యంతో ఇంకా గట్టిగా ఢీకొట్టే పిల్లల్ని చూశాను, నాకు భయం అక్కడ.

కాలేజీ గురించి రెండు మాటలు. డివిజన్ 3 కాలేజీలు, ఐవీ లీగ్ ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వవు, కానీ ఆటగాడైతే అడ్మిషన్‌లో పనికొస్తుంది. హైస్కూల్ ముగిశాక మూడేళ్ళు గడిస్తే గాని ఎవరికీ డ్రాఫ్ట్ అర్హత రాదు. కాబట్టి కాలేజీ ఎలాగూ తప్పదు, ఆ మూడేళ్ళలో ఏం చదువుతాడన్నది ఇప్పటినుంచే మాట్లాడుకోండి. ఏదైనా కాలేజీ నుంచి ఆఫర్ వస్తే సంతకం పెట్టేముందు గాయమైతే స్కాలర్‌షిప్ ఉంటుందా, ఆపరేషన్ ఖర్చు ఎవరిది, చదువు మానేశాక ఎన్నాళ్ళు చికిత్స ఇస్తారు అన్నవి రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అన్నీ ఒప్పుకుంటారు. రాసివ్వమన్నప్పుడు ఏమంటారో చూసి, ఇక్కడే కింద రాయండి, చూసి చెప్తాను.